స్కాట్లండు మాట, నవాగామ్ గంగాళం

స్టోర్స్‌లో ఉద్యోగమంటే కుర్చీలో కూర్చుని సంతకాలు పెట్టడమనుకుని చేరే పిల్లలకు ముందే చెబుతున్నాను, అలా అనుకోకండి. నేను పనిచేసినన్నాళ్లూ నా కుర్చీ మీద నాకంటే మా ఆఫీసులో తిరిగే పిల్లి ఎక్కువసేపు కూర్చుంది. నాకు ఒకచోట కుదురుండదు. ఏ షెడ్డులో ఏ డ్రమ్ము వానకు తడుస్తోందో, ఏ తాళం సరిగా పడలేదో అని తిరుగుతూనే ఉండేవాణ్ని. రిటైరయ్యాక కూడా అంతే. మా ఆవిడ కాఫీ గ్లాసు పట్టుకుని గదులన్నీ వెతుకుతుంది. "ఇంట్లో కూడా స్టాకు చూస్తున్నావా?" అంటుంది.

మాది కరీంనగర్ వైపు. ఉద్యోగం సూరత్ పక్కన హజీరాలో, పెద్ద పెద్ద ఇనుప కట్టడాలు తయారుచేసే ఒక యార్డులో. దాని పేరెందుకు గానీ, అక్కడ స్టోర్స్ ఆఫీసరుగా చేశాను. ఇల్లు మాత్రం డిండోలిలో తీసుకున్నాను. కంపెనీ క్వార్టర్స్‌లో ఉంటే సాయంత్రం కూడా ఆఫీసు ముఖాలే కనిపిస్తాయి. డిండోలిలో అయితే మగ్గాల పనికి వచ్చిన మనవాళ్లు ఉంటారు. సందు మలుపులో నిలబడితే చాలు, తెలుగు వినిపిస్తుంది.

నేను చెప్పాలనుకున్నది రాగి గొడవ. ఆ ఏడు యార్డులో కరెంటు కేబుళ్లు మాయం కావడం మొదలైంది. డ్రమ్ములకు డ్రమ్ములు కాదు, పని అయ్యాక మిగిలిన ముక్కలు. రాగి ధర మండిపోతున్న రోజులు. స్టోర్స్ వెనక తుమ్మపొదల్లో నల్లటి కేబుల్ తొక్కలు దొరికేవి, లోపలి రాగి తీసేసినవి, పాము కుబుసాల్లా. అవి చూసినప్పుడల్లా నా ఒళ్లు మండిపోయేది. పోయింది కంపెనీ సొమ్మే అయినా, నా గుమ్మం ముందు నుంచి పోయిందని.

ఆ రోజుల్లో వెల్డింగ్ తనిఖీకి స్కాట్లండు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉండేవాడు. సూరత్ ఎండకు వంకాయ రంగుకు తిరిగిపోయిన మనిషి. టీ వేళకు నా దగ్గరికి వచ్చి కూర్చునేవాడు, నేను నిలబడి ఉండేవాణ్ని. ఒకరోజు ఇద్దరం పొదలవైపు నడుస్తుంటే ఆయన బూటుతో ఒక కేబుల్ తొక్కను తిప్పి చూసి నవ్వాడు.

"దీనికి మా ఊళ్లో ఒక పాత మాట ఉంది. స్పూలీ," అన్నాడు.

నేను ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. ఏమిటది, ఎక్కణ్నుంచి వచ్చింది అని పట్టుకున్నాను. ఆయనకూ చెప్పడం సరదా. వాళ్ల తాత కోర్టు గుమాస్తాగా చేశాడట, చిన్నప్పుడు ఆయన చెప్పిన కబుర్లన్నీ ఈయనకు గుర్తున్నాయి. దాంతో రోజూ టీకి ఒక ముక్క చొప్పున ఆ మాట చరిత్రంతా రాబట్టాను.

మొదట అది లాటిన్ మాటట. చంపిన జంతువు మీద నుంచి ఒలిచిన తోలుకు పేరు. తర్వాత యుద్ధంలో పడిపోయిన శత్రువు ఒంటి మీది కవచం ఊడబెరికినా అదే మాట అన్నారు. ఆ తర్వాత బతికున్నవాడి ఇల్లు దోచినా అదే. ఫ్రెంచివాళ్ల నోట్లో కొంత నలిగి, సముద్రం దాటి స్కాట్లండు చేరింది. అక్కడ దాన్ని రాసే అక్షరం ఒకటి అచ్చాఫీసువాళ్ల దగ్గర లేకపోతే, చూడ్డానికి దగ్గరగా ఉందని ఇంకో అక్షరం పెట్టేశారట. అప్పటి నుంచి బయటివాళ్లు ఎవరు చదివినా తప్పే చదువుతారని ముసలాయన తెగ మురిసిపోయేవాడు.

"అంటే దొంగతనమేగా?" అన్నాను.

"కాదు. దొంగ రహస్యంగా తీసుకుపోతాడు. ఇది బలం చూపించి, మొహం మీదే ఎత్తుకుపోవడం. పొరుగు దొర మనుషుల్ని వేసుకొచ్చి ఆవుల్ని, మంచాల్ని, పొయ్యి మీది డేగిశాని కూడా పట్టుకుపోవడం. 'అది నాదే, వీడు నాకు బాకీ' అని ప్రతివాడూ అనేవాడు."

"మరి కోర్టు ఏం చేసేది?"

ఆయన బిస్కట్టు టీలో ముంచి, అది విరిగి పడిపోతే కాసేపు దానికోసం చెంచాతో వెతికి, అప్పుడు చెప్పాడు. "ముందు వెనక్కి ఇచ్చెయ్ అనేది. అది ఎవరిది, ఎవడు తప్పు చేశాడు అన్నవన్నీ తర్వాత. నిజంగా నీదే అయినా సరే, నీ చేత్తో నువ్వు లాక్కుపోవడానికి లేదు. ముందు ఎక్కడిది అక్కడ పెట్టు, ఆ తర్వాత నోరు విప్పు. అది నీ దగ్గరున్నన్నాళ్లూ అవతలివాడు పోగొట్టుకున్న సంపాదన కూడా కట్టు."

ఈ నియమం నాకు అస్సలు నచ్చలేదు. దొంగకు మేలు చేసేలా ఉందనిపించింది. మన భాషలో ఒలవడానికి, దోచడానికి బోలెడు మాటలున్నాయి గానీ, ఇలా ముందు తిరిగి ఇప్పించేది ఏదైనా ఉందా అని ఇంటికి వెళ్లేదాకా స్కూటర్ మీద ఆలోచిస్తూనే ఉన్నాను. ఉధ్నా దగ్గర రెడ్ సిగ్నల్ కూడా చూసుకోలేదు. ముసలాయన ఆ నెలాఖరుకు తన దేశం వెళ్లిపోయాడు. మాట మాత్రం నాకు అంటించి పోయాడు.

ఆ తర్వాత కొద్దిరోజులకే మధ్యాహ్నం వేళ మా సెక్యూరిటీ ఆఫీసరు నుంచి ఫోను. ఆయన ఫౌజులో చేసి వచ్చినవాడు, ఉత్తరాది మనిషి. చొక్కా మడత నలగదు, మాట తిరగదు. "జల్దీ రండి, రాగి పట్టుకున్నాం," అన్నాడు. ఎగిరి గంతేసి వెళ్లాను.

మా స్టోర్స్ వరండాలో ఒక రాగి గంగాళం ఉంది. ఇద్దరు మోస్తే గానీ కదలనిది, రెండువైపులా కడియాలు. దాని పక్కన రెండు బిందెలు, ఒక చెంబు.

"ఇదేంటి?" అన్నాను.

"రికవరీ," అన్నాడు.

జరిగింది ఇదీ. కేబుల్ పనికి వచ్చే కాంట్రాక్టు మనుషుల్లో ఒకడి మీద అనుమానం వచ్చింది. తెలంగాణవాడు, నవాగామ్‌లో వదిన దగ్గర ఉంటున్నాడు. ఆమె ఇంట్లోనే మెస్సు నడుపుతుంది. మగ్గాల షెడ్డును అక్కడ ఖాతా అంటారు. ఆ ఖాతాల్లో పనిచేసే మనవాళ్లు చాలామంది ఆమె దగ్గరే తింటారు. గార్డులు, కాంట్రాక్టరు మనుషులు కలిసి పట్టపగలు ఆ ఇంట్లో దూరారు. పోలీసు లేడు, కాగితం లేదు. మరిది దొరకలేదు. ఇంట్లో రాగిదన్న ప్రతి వస్తువూ ఎత్తుకొచ్చారు. సందంతా చూస్తుండగా "చోర్ కా మాల్" అంటూ జీపెక్కించారు.

"ఆమె ఏమంది?"

"ఒప్పుకుంది," అన్నాడు ఆఫీసరు సంతోషంగా. గంగాళం అంచు మీద మేకుతో చుక్కలు చుక్కలుగా కొట్టిన తెలుగు అక్షరాలు చూపించాడు. "దీని మీద పేరుంది. ఇది నీ పేరేనా అని అడిగాం. కాదంది. మీరు చదివి చెప్పండి, అసలు ఎవరిదో తేలుతుంది."

చదివాను. ఒక స్త్రీ పేరు, ఊరి పేరు, చివర 'మేనత్త చదివింపులు' అని. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మన పెళ్లిళ్లలో గిన్నె ఇచ్చినవాళ్లు వాళ్ల పేరే కొట్టించి ఇస్తారు. మా ఇంట్లో ఇరవై సామాన్లుంటే ఒక్కదాని మీద కూడా మా పేరు లేదు. అన్నీ మా బావలవీ, బాబాయిలవీ. నీ పేరేనా అని అడిగితే ఏ ఇల్లాలైనా కాదనే చెబుతుంది. నిజం చెప్పినందుకు దొంగ అయి కూర్చుంది ఆమె.

అదంతా హిందీలో వివరించాను, చేతులు ఊపుకుంటూ. ఆయన శ్రద్ధగా విన్నాడు. "మీ ఆచారం మీది. ఋజువు తెమ్మనండి. మీరు మాత్రం దీన్ని స్టోర్స్‌లో జమ చేసి సంతకం పెట్టండి. తుక్కు లారీ వచ్చినప్పుడు రాగి లాటులో పోతుంది," అన్నాడు. గంగాళం లోపల ఆకురాయితో బరబరా గీకి ఉంది. ఎందుకని అడిగితే, పైన తెల్లగా ఉంటే లోపల రాగో కాదో చూద్దామని గార్డు గీకాడట. అది కళాయి. కళాయి లేని రాగిలో అన్నం వండరని వాడికెవరు చెప్పాలి?

మర్నాడు ఆమె గేటు దగ్గరికి వచ్చింది. లోపలికి రానివ్వలేదు. బిల్లుందా అన్నాడొక గార్డు. ఏ దుకాణంలో కొన్నావన్నాడు ఇంకొకడు. ఎండలో గోడకు ఆనుకుని నిలబడింది గానీ ఒక్కదానికీ జవాబు చెప్పలేదు. నేను బయటికి వెళ్లి తెలుగులో పలకరించాను.

"గంగాళం మీ మేనత్త పెట్టిందా అమ్మా?"

నావంక ఎగాదిగా చూసింది. నలభై ఏళ్లుంటాయి. పొయ్యి సెగకు మాడిన మొహం. "నువ్వు మనోనివేనా సారూ?"

"మనోణ్నే. జర ఓపిక పట్టు, మాట్లాడుదాం."

"ఏం మాట్లాడుడు? గిన్నె గిన్నె తిప్పి బువ్వ వండుతున్న. పొద్దటి పాళీ పోయెటోళ్లకు టైముకు అందక ఇంకో మెస్సుకు పోతున్నరు. ఆ గంగాళం లేకుంటే నా మెస్సు లేదు. ముందు నాది నా ఇంట్ల తెచ్చి పెట్టుర్రి. అప్పటిదాంక నా నోట్లకెళ్లి మాట రాదు."

ముసలాయన టీ గ్లాసు ముందు కూర్చుని చెప్పిన నియమమే ఇది, ముక్కకు ముక్క. టీ దగ్గర విన్నప్పుడు దొంగకు మేలనుకున్నది, గోడకు ఆనుకుని నిలబడ్డ ఈ మనిషి నోట వింటే ఇంకోలా వినిపించింది. అప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు. ఇంట్లో అటూ ఇటూ పచార్లు చేస్తుంటే మా ఆవిడ, "కాలు కాలిన పిల్లిలా ఏంటా తిరుగుడు? పోయి తెచ్చి ఇచ్చెయ్యరాదూ?" అంది. ఆవిడకు అన్నీ తేలికే.

మేనేజరు దగ్గరికి వెళ్లాను. మంచివాడే, కానీ ఫైలు కదలకపోతే సుఖంగా ఉండే మంచితనం ఆయనది. ముందు తిరిగి ఇచ్చేద్దాం, విచారణ తర్వాత చేద్దాం, పాతకాలపు స్కాట్లండు కోర్టుల్లో కూడా అంతే చేసేవాళ్లు అన్నాను. ఆయన ఖమణ్ తింటూ తల ఎత్తాడు.

"మనం స్కాట్లండులో ఉన్నామా?"

"లేము సార్."

"మరి?"

బయటికొచ్చి తలుపు కొంచెం గట్టిగానే వేశాను. జమ కాగితం మీద మాత్రం సంతకం పెట్టలేదు. సంతకం లేనిది స్టోర్స్‌లో లేనట్టే. అది అలా వరండాలో పడి ఉంటుంది, లారీవాడు ముట్టుకోడులే అనుకున్నాను. నా తెలివికి నేనే మెచ్చుకున్నాను కూడా.

తుక్కు లారీ వచ్చిన పొద్దున నేను దూరపు పైపుల యార్డులో ఉన్నాను. తిరిగొచ్చేసరికి వరండా ఖాళీ. కూలీలకు సంతకాల సంగతి ఏం తెలుసు? రాగి కనిపించింది, రాగి లాటులో వేశారు. పరుగెత్తాను. ఈ వయసులో ఆ పరుగేంటని ఎవరో నవ్వారు కూడా. లారీ కాటా మీదికి ఎక్కబోతోంది. ముందుకెళ్లి రెండు చేతులూ చాపి నిలబడ్డాను. డ్రైవరు గుజరాతీలో నన్ను తిట్టిన తిట్లు కొన్ని నాకు అర్థమయ్యాయి, మిగతావి తర్వాత ఒక మిత్రుడు వివరించాడు.

గొడవ విని సెక్యూరిటీ ఆఫీసరు వచ్చాడు. "గంగాళం దించమంటున్నాను. నేను దాన్ని బయటికి తీసుకుపోతున్నాను," అన్నాను.

"గేటు పాస్ లేకుండా గుండుసూది కూడా బయటికి పోదు. మీకు తెలుసు."

"తెలుసు. మరి ఇది లోపలికి ఏ పాస్ మీద వచ్చింది?"

ఈ గేటు లోపలికి వచ్చే ప్రతి వస్తువునూ ఎంట్రీ చేయాలన్నది ఆయన పెట్టిన నియమమే. మేనేజరుగారి టిఫిన్ డబ్బాను కూడా ఒకసారి ఆపిన మనిషి. తన జీపులో తన మనుషులు తెచ్చిన దాన్ని మాత్రం ఎవరూ ఆపలేదు.

"లోపలికి వచ్చిన దారే లేని వస్తువుకు బయటికి పోయే కాగితం ఎవరివ్వాలంటారు, మీరా నేనా?" అన్నాను. కోపంతోనే అన్నానని అప్పుడు అనుకున్నాను గానీ, భయం కూడా ఉంది. ఇంకా పెన్షను కాగితాలు కాలేదు నావి.

ఆయన గంగాళం, బిందెలు, చెంబు దించమని కూలీలకు సైగ చేశాడు. జీపు పిలిపించాడు. తనూ ఎక్కాడు. "నేను తెచ్చాను, నేనే వస్తాను," అన్నాడు హిందీలో. ఆ పని వల్ల నాకు ఒక మెమో వచ్చింది, రిటైరయ్యేదాకా దూరపు పైపుల యార్డే నా రాజ్యమైంది. తిరగడానికి బోలెడు చోటుందని సర్దుకున్నాను.

నవాగామ్‌లో ఆమె ఇల్లు సందు మధ్యలో. వెనకవైపు నుంచి జీపు పోయే దారుంది. మేము మర్యాదగా, ఎవరికీ ఇబ్బంది లేకుండా, వెనక గుమ్మం ముందు దించాం. ఆమె బయటికొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏంది సారూ, దొంగలెక్క ఎనకకెళ్లి తెచ్చిండ్లు?"

"నీదే కదమ్మా, తెచ్చినం. తీసుకో."

"తీస్కపోయిననాడు ఎటుకెళ్లి తీస్కపోయిండ్లు? గల్లీ నడిమిట్లకెళ్లి. ఇంటింటోళ్లు బయటకొచ్చి చూసిండ్లు. మా మెస్సు పోరగాళ్లు చూసిండ్లు. ఆనాటిసంది కిరాణం సేటు నాకు బియ్యం ఉద్దెర ఇస్తలేడు. గిప్పుడు ఎనకకెళ్లి పెట్టిపోతే అయిపోయిందా? ఎట్ల పోయిందో గట్లనే రావాలె."

ఆఫీసరుకు హిందీలో చెప్పాను. సగం చెప్పేసరికే ఆయన వంగి ఒక కడియం పట్టుకున్నాడు. రెండోది నేను పట్టుకున్నాను. బిందెలు, చెంబు అందులోనే పెట్టాం. సందు చివరిదాకా మోసుకెళ్లి, అక్కణ్నుంచి తిరిగి సందు మధ్యగా నడిచాం. సరిగ్గా పాళీ మారే వేళ. ఖాతాల నుంచి దిగేవాళ్లు, ఎక్కేవాళ్లు, ఒంటి మీద దూదిపింజలతో, గోడలకు తప్పుకుని నిలబడి చూస్తున్నారు. ఆమె మాకు ముందు నడుస్తోంది. ప్రతి గుమ్మం దగ్గరా ఆగి, "ఇగో, తెచ్చిండ్లు," అంటోంది. అంతే, ఇంకో మాట లేదు. ఆఫీసరు చొక్కా చెమటకు ఒంటికంటుకుపోయింది. ఆయన చొక్కా మడత నలగడం నేను చూసింది ఆ ఒక్కరోజే.

పొయ్యి దగ్గర దించాక ఆమె చెయ్యి లోపలపెట్టి తడిమింది. మొహం మారిపోయింది. "గీకిండ్లు," అంది. ఆ మాట ఎంత మెల్లగా అందంటే, అరిచినా బాగుండేదనిపించింది. ఆఫీసరుకు నేను అనువదించలేదు. అక్కర్లేకపోయింది.

ఆ ఆదివారం ఆయన పాత సూరత్ సందుల్లో ఎక్కణ్నుంచో ఒక కళాయి ముసలాణ్ని వెతికి పట్టుకొచ్చాడు. సాయిబు ఆమె గుమ్మం ముందే గుంట తవ్వి బొగ్గులు పేర్చాడు. తిత్తి తిప్పే మనిషి రాలేదు. ఆఫీసరు స్టూలు లాక్కుని తనే తిప్పాడు. తగరం కరిగి, నవసాగరం పొగ సందంతా కమ్మి, ముసలాడు దూదితో ఒక్కసారి చుట్టూ తిప్పేసరికి లోపలంతా వెన్నెల పరిచినట్టయింది. నేను మాత్రం కాలు నిలవక సందులో ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతున్నాను. మధ్యలో పోయిన సంపాదన సంగతి ఎవరూ ఎత్తలేదు. స్కాట్లండు ముసలాయన నియమంలో ఆ సగం ఇప్పటికీ ఎవరూ తీర్చలేదు, అది నన్ను తొలుస్తూనే ఉంటుంది.

ఎసరు పెట్టాక ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని మా ముందు కూర్చుంది.

"ఇగ అడుగుమను ఆ సారును. ఏమడుగుతడో అడుగుమను."

ఆఫీసరుకు చెప్పాను. ఆయన మసిచేతులు ఒళ్లో పెట్టుకుని, గొంతు సవరించుకుని, మీ మరిది కేబుల్ ఒలిచాడా అని అడిగాడు.

"ఒలిచిండు," అంది వెంటనే. "మీరు రాకముందు నాడే గోనెసంచిల ఒలిచిన రాగి తీగ చూసిన. నా బువ్వ తినుకుంట గా పని చేస్తవా అని ఆ పొద్దే సంచితోని ఎల్లగొట్టిన. ఉధ్నల ఏ తుక్కు దుకాణంల అమ్ముతడో గది గూడ తెలుసు నాకు."

ఆయన నావంక తిరిగాడు. "ఈ మాట మేము వచ్చిన రోజే ఎందుకు చెప్పలేదో అడగండి."

అడిగాను. ఆమె గంగాళం మూత కొద్దిగా జరిపి, ఎసరు చూసి, మళ్లీ మూసింది.

"ఆనాడు మీరు గిన్నెను అడిగిండ్లు సారూ. నన్ను అడగలే."